సాయంత్రం దాకా మైల

పోయిన నెల ఒక జవాబు చివర, బైబిల్ లేవీయకాండంలో మైల వేరు, పాపం వేరు అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. ముప్పై ఏళ్లు వేదాంత కళాశాలలో హీబ్రూ, పాత నిబంధన బోధించినవాణ్ణి. ఒక మాట విసిరేసి, గంట కొట్టగానే పుస్తకాలు సర్దుకుని వెళ్లిపోయే అలవాటు ఇంకా పోలేదు. ఫలితం అనుభవిస్తున్నాను: ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దీని మీదే. కనుక ఈ నెల పేజీ అంతా మైల, శుద్ధి. యెహోషువ గ్రంథం మీద అడిగినవారు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: నాకు పాప పుట్టి 52 రోజులైంది. ఆదివారం మందిరానికి బయలుదేరితే మా అత్తగారు ఆపేశారు. కొడుకైతే 40 రోజులు, కూతురైతే 80 రోజులు ఆగాలని లేవీయకాండం 12వ అధ్యాయంలో ఉందట. నిజంగా ఉందా? బిడ్డను కనడంలో నేను చేసిన తప్పేమిటి?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందుగా పాపకూ మీకూ నా ఆశీస్సులు.

ఉందమ్మా. మీ అత్తగారు లెక్క తప్పలేదు. మగబిడ్డ అయితే 7 రోజులు, ఆపైన 33. ఆడబిడ్డ అయితే 14 రోజులు, ఆపైన 66. అయితే ఆ ఆపైన రోజుల్లో తల్లి ఏం చేయకూడదో కూడా అక్కడే రాసి ఉంది. పరిశుద్ధమైన వస్తువును ముట్టకూడదు, పరిశుద్ధ స్థలంలోకి రాకూడదు. పరిశుద్ధ స్థలం అంటే మొదట అరణ్యంలోని ప్రత్యక్ష గుడారం, తరవాత యెరూషలేము దేవాలయం. ఆ దేవాలయాన్ని క్రీ.శ. 70లో రోమన్ సైన్యం తగలబెట్టింది. మీ వీధి చివరి మందిరం దానికి శాఖ కాదు.

ఇక తప్పేమిటి అన్నారు. ఆ ప్రశ్న మీ చేత అడిగించిన పాపంలో మన తెలుగు అనువాదానికీ వాటా ఉంది. గడువు తీరాక తల్లి తేవలసిన రెండు బలుల్లో ఒకదానికి మనవాళ్లు 'పాపపరిహారార్థబలి' అని పేరు పెట్టారు. హీబ్రూలో దాని పేరు హత్తాత్. ఆ మాటకు పాపం అనే అర్థం ఉన్నమాట నిజమే. కానీ అదే ధాతువు నుంచి పుట్టిన క్రియకు శుద్ధి చేయడం అని అర్థం. లేవీయకాండం మీద మూడు పెద్ద సంపుటాల వ్యాఖ్యానం రాసిన యూదు పండితుడు జేకబ్ మిల్‌గ్రోమ్ దీన్ని 'శుద్ధి బలి' అనే అనాలని పట్టుబట్టారు. రక్తం ఎక్కడ పడుతోందో చూడండి అన్నది ఆయన వాదం. తల్లి మీద ఒక్క చుక్క కూడా పడదు. పడేది బలిపీఠం మీద. అంటే ఆ రక్తంతో శుద్ధి అవుతున్నది గుడి. ఆమె శరీరానికి రోజులు గడవడమే శుద్ధి.

జనం బతుకుల్లో పుట్టుకలు, చావులు, రోగాలు ఉంటాయి. వాటి నుంచి లేచిన దుమ్ము గుడిలో పేరుకుంటుందని, ఎప్పటికప్పుడు దులపకపోతే దేవుడు అక్కడ ఉండడని వాళ్ల భయం. ఏడాదికోసారి ప్రాయశ్చిత్తార్థ దినాన ప్రధాన యాజకుడు అతి పరిశుద్ధ స్థలం దాకా వెళ్లి చేసే తంతు, సంక్రాంతి ముందు మనం బూజు దులిపే పనికి దగ్గరి చుట్టం. బూజు పట్టిందని ఇంట్లో పుట్టిన పాపను ఎవరైనా తిడతారా?

ఆడబిడ్డకు రెట్టింపు ఎందుకన్నదానికి గ్రంథం కారణం చెప్పలేదు. నాకు అది మింగుడుపడదు, పడిందని నటించను. బలి మాత్రం ఇద్దరికీ సమానం: ఏడాది గొర్రెపిల్ల ఒకటి, పావురమో గువ్వో ఒకటి. గొర్రెపిల్లను తేలేని తల్లికి రెండు పక్షులు చాలు. లూకా సువార్తలో మరియ యెరూషలేముకు తెచ్చినది ఈ పేదల బలే. ఆమె కూడా అన్ని రోజులూ ఆగింది. ఏ తప్పు చేసిందని?

యూదు గురువుల, అంటే రబ్బీల, చర్చల గ్రంథమైన తల్మూదులో ఒక సరదా జవాబు కూడా ఉంది. బాలింత బలి ఎందుకు తేవాలని శిష్యులు అడిగితే రబ్బీ షిమోన్ బార్ యోహాయి అన్నారట: పురుటినొప్పుల్లో ఆమె ఇక భర్త దగ్గరకు పోనని ఒట్టు పెట్టుకుంటుంది, తరవాత ఆ ఒట్టు తప్పుతుంది కదా, అందుకని. పక్కనే ఇంకో రబ్బీ ఇది కుదరదని అభ్యంతరం చెప్పాడు. వాళ్లకూ సరైన కారణం దొరకలేదన్నమాట, కనీసం నవ్వుకున్నారు.

క్రైస్తవ సంఘానికి ఈ తగువు కొత్త కాదు. ఇంగ్లండులోని కాంటర్‌బరీలో ఉన్న అగస్టీన్ ఇదే ప్రశ్న రాసి పంపితే, 601లో పోప్ గ్రెగొరీ ఇచ్చినట్టుగా చరిత్రకారుడు బీడ్ ఒక జవాబు భద్రపరిచాడు. ప్రసవించిన గంటలోనే తల్లి గుడిలోకి వచ్చి కృతజ్ఞత చెప్పినా ఆమె మీద ఏ పాపభారమూ లేదని దాని సారం. ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో 1549లో 'స్త్రీల శుద్ధి' అని ఉన్న క్రమం పేరును మూడేళ్లకే, 1552లో, 'ప్రసవానంతర కృతజ్ఞత'గా మార్చేశారు. మన తెనాలి దాకా ఆ మార్పు రావడానికి ఇంకా ఎన్నాళ్లు పడుతుందో.

బాలింత ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోవడం మంచిదే. అది డాక్టరమ్మ చెప్పే మాట, ఆమెనే అడగండి. ఆరోగ్యం బాగుంటే ఈ ఆదివారం పాపను ఎత్తుకుని వెళ్లండి, అత్తగారినీ వెంట తీసుకువెళ్లండి. అధ్యాయం నంబరుతో సహా చెప్పారంటే ఆవిడ వాక్యం చదివే మనిషే. 15వ అధ్యాయం కూడా ఒకసారి చదివి పెట్టమనండి. అందులో మగవాళ్లకూ మైల ఉంది, పైగా అది తరచుగా వచ్చే మైల. దాన్ని లెక్కగట్టి ఒక్క మగవాణ్ణయినా గుమ్మం దగ్గర ఆపిన సంఘాన్ని ఈ డెబ్భై ఒక్క ఏళ్లలో నేను చూడలేదు.

ప్రశ్న: మైలపడిన మట్టిపాత్రను పగలగొట్టమని, చెక్కపాత్రను కడిగితే చాలని ధర్మశాస్త్రం అంటుంది. కుమ్మరి మీద ఎందుకంత కోపం?
- ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: కోపం లేదు. మట్టి పీల్చుకుంటుంది, పీల్చుకున్నది వదలదు. పైగా చవక. మన ఇళ్లలోనూ మైలకు, గ్రహణానికి పాత కుండ బయట పారేసి, ఇత్తడి గిన్నెను చింతపండుతో తోమి మళ్లీ పొయ్యెక్కించేవాళ్లు.

ఇందులో అసలు తమాషా రాయిది. మైలపడే వస్తువుల జాబితాలో చెక్క ఉంది, బట్ట ఉంది, తోలు, గోనె, లోహాలు అన్నీ ఉన్నాయి. రాతిపాత్ర లేదు. లేదు కనుక రాయికి మైల అంటదని యూదులు తేల్చుకున్నారు. యేసు కాలానికి యూదయ, గలిలయ ఇళ్లలో మెత్తని సుద్దరాతితో చెక్కిన గిన్నెలు, లోటాలు విరివిగా వాడుకలో ఉన్నాయి. నజరేతుకు దగ్గర్లోని రెయినా వద్ద అలాంటి పాత్రలు చెక్కిన ఒక గుహ 2017లో తవ్వకాల్లో బయటపడింది. యేసు నీళ్లను ద్రాక్షారసంగా మార్చిన కానా పెళ్లింట్లో ఉన్నవి రాతి బానలు అని యోహాను ఊరికే రాయలేదు. యూదుల శుద్ధీకరణ ఆచారం కోసం పెట్టినవని ఆయనే చెబుతాడు. ఒక్కొక్కటి 80 నుంచి 120 లీటర్ల బాన. మనం ఆ కథ చదివి ద్రాక్షారసాన్ని తలచుకుంటాం కానీ, ఆ ఆరు బానలు నింపడానికి బావికీ ఇంటికీ తిరిగిన పనివాళ్ల నడుములను తలచుకోం.

ప్రశ్న: మా తాతగారు డిచ్‌పల్లి ఆసుపత్రిలో కుష్ఠు వ్యాధికి చికిత్స పొంది, నయమై ఇంటికి వచ్చారు. కుష్ఠు పాపానికి గుర్తు అని ప్రసంగాల్లో వింటున్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. బైబిల్లోని కుష్ఠు, మా తాతగారికి వచ్చిన జబ్బు ఒకటేనా?
- ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ఒకటి కాదు. మీ తాతగారికి వచ్చినది 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనిపెట్టిన క్రిమి వల్ల వచ్చే జబ్బు. లేవీయకాండం 13, 14 అధ్యాయాల్లో ఉన్నదాని హీబ్రూ పేరు త్సారాత్. అది ఒంటికి మాత్రమే వచ్చేది కాదు. ఉన్నిబట్టకు వస్తుంది, తోలుకు వస్తుంది, చివరికి ఇంటి గోడకు కూడా వస్తుంది, పచ్చగానో ఎర్రగానో చారలు దిగుతాయి. గోడకు వచ్చేది కుష్ఠు ఎలా అవుతుంది? మనం బూజు అనేది కూడా అందులోనే ఉంది. ఒంటి మీది లక్షణాలు చూసినా పొలుసులు రాలే జబ్బులు, తెల్లమచ్చలు, పుండ్లు గుర్తుకొస్తాయి. ఇంకో వింత: మచ్చ తలనుంచి పాదాల దాకా పాకి ఒళ్లంతా తెల్లబడిపోతే అతను శుద్ధుడు! అంటువ్యాధి భయమే కారణమైతే ఇలాంటి నియమం ఎవరూ పెట్టరు.

పేరు ఎలా మారింది? గ్రీకులోకి తర్జుమా చేసినవాళ్లు లెప్రా అన్నారు. అప్పటి గ్రీకు వైద్యంలో అది పొలుసుల చర్మవ్యాధి. శతాబ్దాల తరవాత ఆ పేరు ఈ క్రిమి జబ్బుకు అతుక్కుంది. మన తెలుగు అనువాదకులు కుష్ఠు అన్నారు. వాళ్లను మరీ తప్పుపట్టలేను, ఎందుకంటే ఆయుర్వేదంలోనూ కుష్ఠం ఒకే జబ్బు పేరు కాదు. సుశ్రుతుడు 18 రకాల చర్మరోగాలను కుష్ఠం కిందే లెక్కపెట్టాడు. ఆ రోజుల్లో వెడల్పుగా ఉన్న మాట తరవాత ఇరుకై ఒక్క జబ్బుకే మిగిలింది, శాపం మాత్రం తగ్గలేదు.

ప్రసంగీకులు ఎంతసేపూ 13వ అధ్యాయం దగ్గరే ఆగిపోతారు. చినిగిన బట్టలు, 'అపవిత్రుణ్ణి, అపవిత్రుణ్ణి' అన్న కేక, పాళెం, అంటే గుడారాల విడిది, వెలుపల ఒంటరి బతుకు. అది కఠినమైన అధ్యాయం, దాన్ని మెత్తబరిచి చెప్పను. నా గోడల్లా 14వ అధ్యాయాన్ని ఎందుకు చదవరని. అది తిరిగి రావడం గురించి. నయమైనవాడు యాజకుణ్ణి వెతుక్కుంటూ లోపలికి రానక్కరలేదు. యాజకుడే పాళెం దాటి అతని దగ్గరకు వెళ్లి చూస్తాడు. రెండు పక్షులు తెస్తారు. మట్టిపాత్రలో పారే నీళ్లు పోసి, దాని మీద ఒక పక్షిని చంపుతారు. బతికున్న పక్షిని దేవదారు కర్రతో, ఎర్రని నూలుతో, హిస్సోపు అనే మొక్కతో కలిపి ఆ రక్తంలో ముంచి, అతని మీద ఏడుసార్లు చల్లి, పొలాల మీదికి వదిలేస్తారు. స్నానం, క్షవరం అయ్యాక అతను పాళెంలోకి వస్తాడు. ఎనిమిదో రోజున బలి రక్తం, ఆపైన నూనె అతని కుడి చెవి తమ్మెకు, కుడి చేతి బొటనవేలికి, కుడి కాలి బొటనవేలికి పూస్తారు. సరిగ్గా ఆ మూడు చోట్లే అహరోనును యాజకుడిగా ప్రతిష్ఠించిన రోజున కూడా రక్తం పూశారు. వెలి నుంచి వచ్చినవాడికి, ప్రధాన యాజకుడికి చేసిన మర్యాద!

జబ్బు నయం చేయడం యాజకుడి పని కాదు. ఊరందరి ఎదుట, ఇతను మనవాడే అని పలకడం అతని పని. యేసు కూడా కుష్ఠరోగిని తాకి బాగుచేశాక, యాజకుడికి కనబడి మోషే నియమించిన కానుక ఇవ్వమని పంపాడు. ఒళ్లు బాగైనా ఊరు ఒప్పుకోవాలి మరి. మన దగ్గర కావలసినన్ని మందులున్నాయి. 1982 నుంచి బహుళ ఔషధ చికిత్స ఉంది. అయినా ఈ జబ్బును విడాకులకు కారణంగా చూపే వీలు చట్టంలోంచి పోయింది 2019లో! 2020లో మా వీధిలో ఒక కుటుంబం కరోనా తగ్గి ఆసుపత్రి నుంచి వస్తే, రెండు వారాలు పాలవాడు కూడా వాళ్ల గేటు దగ్గర ఆగలేదు. నేనూ మొదటి మూడు రోజులు కిటికీలోంచి చూసి ఊరుకున్నాను, అబద్ధం ఎందుకు. మనిషిని దూరం పెట్టే పద్ధతులు మనకు బోలెడు తెలుసు. తిరిగి పిలుచుకునే తంతు ఒక్కటీ లేదు.

మీ తాతగారు ఇంటికి వచ్చిన రోజు మొదట ఎవరు ఎదురెళ్లారో, ఇంట్లో తెలిసినవాళ్లుంటే అడిగి నాకు రాయండి.

ప్రశ్న: మా టెక్సాస్ నుంచి ఎర్ర పెయ్యలను ఇజ్రాయెల్‌కు పంపారు, ఇక మూడో దేవాలయం కట్టేస్తారు, అంత్యదినాలు వచ్చేశాయి అని ఇక్కడి తెలుగు సంఘంలో అందరూ అంటున్నారు. ఈ పెయ్య సంగతి ఏమిటి?
- ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: 2022 సెప్టెంబరులో అయిదు పెయ్యలు విమానంలో వెళ్లిన మాట నిజం. అంత్యదినాల తేదీ చెప్పడం నా శాఖ కాదు, పెయ్య సంగతి చెబుతాను.

శవాన్ని ముట్టినవాడికి 7 రోజుల మైల. అది మామూలు స్నానంతో పోదు. మచ్చలేని, ఎన్నడూ కాడి మోయని ఎర్రని పెయ్యను పాళెం వెలుపల వధించి, దేవదారు, హిస్సోపు, ఎర్రని నూలుతో కలిపి బూడిద చేస్తారు. ఆ బూడిద చిటికెడు పారే నీటిలో కలిపి మూడో రోజు, ఏడో రోజు చల్లాలి. ఇది సంఖ్యాకాండం 19. ఎరుపు ఎంత ఎరుపు అంటే, వేరే రంగు వెంట్రుకలు రెండు కనబడినా పెయ్య పనికిరాదని యూదుల పాత ధర్మ సంకలనమైన మిష్నా తీర్పు. మోషే కాలం నుంచి దేవాలయం కూలేదాకా మొత్తం తొమ్మిది పెయ్యలే కాల్చారని కూడా అందులోనే ఒక లెక్క ఉంది. నీళ్లు తెచ్చే పిల్లలకు మైల సోకకూడదని, వాళ్లను రాతి మీద కట్టిన ప్రత్యేక ప్రాంగణాల్లో పెంచేవారట. ఎద్దు వీపు మీద తలుపు పరిచి, దాని మీద కూర్చోబెట్టి సిలోయము కోనేటికి పంపేవారట. కింద ఎక్కడో తెలియని సమాధి ఉంటుందేమోనని ఆ జాగ్రత్త.

వింత ఏమిటంటే, ఈ బూడిద మైలపడ్డవాణ్ణి శుద్ధి చేస్తుంది కానీ, దాన్ని తయారుచేసినవాళ్లందరికీ సాయంత్రం దాకా మైల అంటిస్తుంది. ఒక అన్యుడు రబ్బీ యోహానాన్ బెన్ జక్కాయిని, ఇది మంత్రతంత్రంలా ఉందే అని దెప్పాడు. మీ ఊళ్లో దయ్యం పట్టినవాడికి పొగవేసి నీళ్లు చల్లరూ, అలాంటిదే అని రబ్బీ వాణ్ణి పంపేశారు. శిష్యులు ఊరుకోలేదు: వాణ్ణి గడ్డిపరకతో తోసేశారు, మాకేం చెబుతారు? అప్పుడు ఆయన అన్నది ఇది: శవం మైలపరచదు, నీళ్లు శుద్ధి చేయవు, రాజుగారి ఆజ్ఞ, అంతే. దాదాపు రెండువేల ఏళ్ల నాడు, దేవాలయం కూలిన రోజుల్లో బతికిన గురువు మాట ఇది. విద్యార్థులకు ఈ కథ చెప్పిన ప్రతిసారీ తరగతి నిశ్శబ్దమయ్యేది, ఎందుకో నాకు నచ్చే నిశ్శబ్దం.

బూడిద లేదు కనుక నేటి యూదులందరికీ శవమైల ఉన్నట్టే లెక్క. అందుకే దేవాలయ పర్వతం మీదికి వెళ్లరాదని ప్రధాన రబ్బీల కార్యాలయం అక్కడ బోర్డు పెట్టింది. మీ సంఘంలో పెయ్య గురించి ఉత్సాహపడేవాళ్లు ఆ బోర్డు సంగతి కూడా తెలుసుకుంటే బాగుంటుంది.

ప్రశ్న: ఈ నియమాలు ఇప్పటికీ పాటించేవాళ్లున్నారా?
- ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: ఉన్నారు. సనాతన యూదు కుటుంబాల్లో ముట్టు తరవాత స్త్రీ మిక్వా అనే కుంటలో మునుగుతుంది, యూదు మతంలో చేరేవాళ్లూ మునుగుతారు. యాజకుల వంశం వాళ్లు ఈనాటికీ శ్మశానంలోకి వెళ్లరు. నాబ్లుస్ పక్కన గెరిజీము కొండ మీద వెయ్యిమంది లోపే మిగిలిన సమరయులు ముట్టు నియమాలను లేవీయకాండంలో ఉన్నట్టే పాటిస్తారు. ఇథియోపియా యూదులకు ఊళ్లలో ఇందుకోసం విడిగా గుడిసె ఉండేది, ఇజ్రాయెల్‌కు వచ్చాక ఆ గుడిసెలు పోయాయి. మీ జిల్లాలోనే, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తమను బెనే ఎఫ్రాయీము అని చెప్పుకుంటూ సబ్బాతు ఆచరించే తెలుగు యూదు కుటుంబాలున్నాయి. సెలవుల్లో వెళ్లి, మర్యాదగా అడిగి తెలుసుకోండి. నా కన్నా వాళ్లే బాగా చెబుతారు.

ప్రశ్న: మా ఇంట్లో పురుడు, మైల, మడి అన్నీ ఉండేవి. మా నాయనమ్మ మడి కట్టుకుంటే పిల్లలం అరుగు దిగి దూరంగా నిలబడేవాళ్లం. పోయిన నెల మీ జవాబు చదివితే యూదులదీ ఇదే పద్ధతి అనిపించింది. మరి మనది మాత్రం మూఢాచారం ఎలా అయింది?
- విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, పోలిక నిజం. పుట్టుక, చావు, ముట్టు, మట్టికుండ, నీళ్లు. వరసపెట్టి చెబితే మీ నాయనమ్మగారూ, యెరూషలేము యాజకుడూ ఒకరి భాష ఒకరికి తెలియకుండానే గంటసేపు మాట్లాడుకోగలరు. 1998లో యెరూషలేము వెళ్లినప్పుడు దేవాలయ పర్వతం దక్షిణపు గోడ కింద ఆ కాలపు మునక కుంటలు చూశాను. 40 సెయాల (సెయా పాత యూదు కొలత) నీరు పట్టాలి, అదీ వాననీరో ఊటనీరో తనంత తాను చేరాలి, చేదతో తోడిపోస్తే చెల్లదు. కొన్ని కుంటల మెట్ల మధ్య సన్నని రాతి గట్టు ఉంది. మైలతో ఒకవైపు దిగి, శుద్ధితో ఇంకోవైపు ఎక్కాలి. ఎండిపోయిన ఆ మెట్ల మీద నేను చాలాసేపు నిలబడ్డాను. దిగే దారి పక్కనే ఎక్కే దారి.

ఇప్పుడు నా సంగతి కొంచెం చెప్పనివ్వండి. మా ఊరి పేరు చివర 'పాలెం' ఉంది. మా నాన్న ఉపదేశి, మా ఇల్లు ఊరికి దక్షిణాన ఉన్న వాడలో. బైబిల్లో 'పాళెము వెలుపల' అని ఆయన చదివినప్పుడల్లా అది మా వాడ చిరునామా అనుకునేవాణ్ణి. మోషేకు మా ఊరు ఎలా తెలుసా అని చిన్నప్పుడు నిజంగానే ఆశ్చర్యపోయాను. దాహం వేస్తే ఊరి బావి దగ్గర ఎవరైనా పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగేవాళ్లం. చేద ముట్టేవాళ్లం కాదు.

పెద్దయ్యాక హీబ్రూ నేర్చుకుని లేవీయకాండం మూలంలో చదివాను. అక్కడ నన్ను కుదిపినది పెద్ద సిద్ధాంతమేమీ కాదు, 'సాయంకాలము వరకు' అన్న రెండు మాటలు. చచ్చిన జంతువును ముట్టినవాడు సాయంకాలం వరకు అపవిత్రుడు. రోగి పడక ముట్టినవాడు సాయంకాలం వరకు. పెయ్యను కాల్చినవాడు సాయంకాలం వరకు. పల్లవిలా వస్తూనే ఉంటుంది. పెద్ద మైలకు ఏడు రోజులు, ఇంకా పెద్దదానికి ఎనభై. గడువు లేని మైలలు త్సారాత్, ఆగని స్రావాలు, వాటికీ నయమైతే రెండు పక్షులు సిద్ధం. రాజుకూ వస్తుంది, ఉజ్జియా రాజు చనిపోయేదాకా వేరే ఇంట్లోనే ఉన్నాడు. యాజకుడికీ వస్తుంది. లేవీయకాండంలో అది తండ్రి నుంచి కొడుక్కు మాత్రం రాదు.

మీ నాయనమ్మగారి మడితో నాకు తగువు లేదు. ఆవిడ ఉతికి ఆరేసిన చీర కట్టుకుని దేవుడికి వండుకుంటే నాకేం నష్టం? మా వాడ పిల్లవాడు పొరపాటున తగిలితే ఆవిడ మళ్లీ తలస్నానం చేసేవారు, ఆ స్నానంతో ఆవిడ మైల పోయేది. నా మైల ఎప్పుడు పోయేది మాస్టారూ? నాకు ఏ సాయంకాలం రాసిపెట్టారు? నేను మైలపడలేదు, నన్నే మైల అన్నారు. పోలిక సరిగ్గా అక్కడ తెగిపోతుంది. రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసినది ఆ రెండోదాన్ని, అంటరానితనాన్ని. మీ ఇంటి అరుగు మీద ఎవరు ఎప్పుడు స్నానం చేయాలో అందులో లేదు.

ఇశ్రాయేలీయులను ఆకాశానికి ఎత్తుతున్నానని అనుకోకండి. పుట్టుకను బట్టి గోడ కట్టే బుద్ధి వాళ్లకూ పుట్టింది. బబులోను చెర నుంచి తిరిగొచ్చాక ఎజ్రా కాలంలో 'పరిశుద్ధ సంతతి' కలుషితమవుతోందని, అన్యజాతి భార్యలను పిల్లలతో సహా పంపేయాలని తీర్మానించారు. ఆ అధ్యాయం చెప్పాల్సిన వారం నాకు తరగతికి వెళ్లబుద్ధయ్యేది కాదు. వెళ్లేవాణ్ణి, చదివించేవాణ్ణి, పిల్లలు కోపంతో అడిగిన ప్రశ్నలను నల్లబల్ల మీద రాసి తుడపకుండా వచ్చేసేవాణ్ణి.

మన సంఘాల సంగతి అడగలేదు కానీ చెబుతాను. లేవీయకాండం కొట్టివేయబడిందని ఘనంగా ప్రకటించే మందిరాల్లోనే, ఏ కులం వాళ్లు ఏ బెంచీలో కూర్చుంటారో కళ్లు మూసుకుని చెప్పగలను. మిమ్మల్ని మాత్రమే నిలదీశానని మీరు బాధపడకూడదు.

ఈసారి ఇటు వస్తే మా ఇంటికి రండి. మా ఆవిడ కాఫీ బాగా పెడుతుంది.

ప్రశ్న: ఇన్నిసార్లు హిస్సోపు అంటారు. అసలు అది ఏ మొక్క? మన దగ్గర దొరుకుతుందా?
- ఒక గృహిణి, ఏలూరు

జవాబు: హీబ్రూలో ఏజోవ్. ఐరోపా తోటల్లో హిస్సోపు పేరుతో పెంచేది వేరే మొక్క, అది ఇశ్రాయేలు కొండల మీద మొలవదు. ఎక్కువమంది పండితులు గుర్తించినది అక్కడి కొండ రాళ్ల మధ్య పెరిగే ఒక రకం ఒరేగానో మొక్క. మన తులసికి, పుదీనాకు అదే కుటుంబం. ఆకుల మీద సన్నని నూగు ఉంటుంది కనుక గుప్పెడు రెమ్మలు కట్టి ముంచితే రక్తమైనా నీళ్లైనా పట్టి ఉంచి, విదిలిస్తే సమంగా చల్లుతుంది. ఇశ్రాయేలీయులు ఐగుప్తు విడిచిన పస్కా రాత్రి గుమ్మాలకు రక్తం పూసింది దానితోనే. అరబ్బులు దాన్ని ఎండబెట్టి నువ్వులు కలిపి జాతర్ అనే పొడి చేసి రొట్టెతో తింటారు. అదే ప్రయాణంలో యెరూషలేము పాతపట్నం బజారులో ఒక పొట్లం కొనుక్కొచ్చాను. సగం పొడి తరగతిలో చేతులు మారి, వాసన చూసి చూసి అయిపోయింది. మిగతా సగం మా ఆవిడ దోసకాయ పచ్చడిలో వేసింది.